మా పాప ఏడుపు రోజుల్లో తోడున్నవాళ్ళకి

గాజువాకలో మా పై వాటా మామ్మగారికి, మా ఏరియా ఆశా అక్కకి అందరి ముందూ థాంక్స్ చెప్పుకోవాలని ఈ పోస్ట్.

రెండో నెలలో మా పాప దీపాలు పెట్టే వేళకి మొదలుపెట్టేది. పాలు పట్టినా, బట్ట మార్చినా, ఎత్తుకు తిప్పినా ఆగేది కాదు. మా ఆవిడకి సిజేరియన్. నాకు స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు. చూడ్డానికి వచ్చినవాళ్ళు "పాలు చాలట్లేదేమో" అని ఆవిణ్ణే అనేవారు. ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో అన్నవాళ్ళకి తెలీదు.

42వ రోజు విజిట్‌కి వచ్చిన ఆశా అక్క పాపని తూకం వేసి, "బరువు బాగానే పెరిగింది తమ్ముడూ. ఈ ఏడుపు రెండో నెలలో ముదిరి, మూడు నాలుగు నెలలకి తగ్గుతుంది" అంది. తర్వాత నా మొహం చూసి, ఎవరూ చెప్పని మాట చెప్పింది. "కోపం వస్తే పాపని నేల మీద పరుపుపై వెల్లకిలా పడుకోబెట్టి బయటికెళ్ళిపో. ఐదు పది నిమిషాలాగి వచ్చి చూడు. ఏడిస్తే ఏం కాదు, కుదిపితేనే ప్రమాదం."

పసిబిడ్డకి తల బరువు, మెడ నిలవదు. పట్టుకుని గట్టిగా కుదిపితే మెదడు పుర్రె లోపల అటూ ఇటూ కొట్టుకుని సన్నటి రక్తనాళాలు తెగుతాయట. కొన్ని సెకన్లు చాలు. పైకి గీత కూడా కనపడకపోవచ్చు గానీ చూపు పోవచ్చు, ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. షేకెన్ బేబీ సిండ్రోమ్ అంటే ఇదే. ఉయ్యాల ఊపడం, భుజాన వేసుకుని జోకొట్టడం ఇందులోకి రావు, కంగారు పడకండి.

ఇక మామ్మగారు. ఏడుపు వినపడగానే మెట్లు దిగి వచ్చి, "ఇలా ఇయ్యి బాబూ, నువ్వెళ్ళి టీ తాగిరా" అనేవారు. పాపని బోర్లా ముంజేతి మీద వేసుకుని, తల మోచేతి వంపులో ఆనించి, వీపు నిమురుతూ వరండాలో నెమ్మదిగా తిరిగేవారు. దిష్టి కూడా తీసేవారు, తియ్యనిచ్చాం. వాము నీళ్ళు మాత్రం వద్దన్నాం. ఆరు నెలల దాకా తల్లిపాలే అంటే ఆవిడేం అనుకోలేదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం 100.4 డిగ్రీలకి చేరినా, పాలు మానేసి మగతగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చెయ్యండి.

మన వీధిలో ఎవరింట్లో పసిబిడ్డ ఏడుస్తున్నా మొహమాటపడకుండా పిలవండి. బి షిఫ్ట్ వారం తప్పిస్తే సాయంత్రాలు నేను ఇంట్లోనే ఉంటాను.