నవ్వించే పిల్లల గురించి, రాజబాబు గురించి

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఫిబ్రవరి లేఖను ఏటా పరీక్షల సంగతులతో మొదలుపెడతాను. ఈసారి వాటిని చివర్లో రెండు మాటల్లో చెబుతాను. ముందు రాజబాబు అనే పాత తెలుగు సినిమాల హాస్యనటుడి గురించి మీతో మాట్లాడాలి.

వార్షికోత్సవ నాటకానికి పాత్రలు పంచిన వారంలో ఒక తల్లి నన్ను కలవడానికి వచ్చారు. వాళ్ళ అబ్బాయికి వంటవాడి వేషం ఇచ్చాం. నాటకంలో నవ్వులన్నీ ఆ వేషం చుట్టూనే ఉన్నాయి. "మా వాడికి కాస్త గౌరవంగా ఉండే పాత్ర ఇవ్వండి మేడం. ఇందులో వేస్తే నలుగురూ నవ్వుతారు" అన్నారావిడ. బిడ్డ నవ్వులపాలవుతాడేమోనన్న భయం ఏ తల్లికైనా ఉంటుంది. ఆ పూట నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఆవిడను అడిగి, సరేనన్నాకే ఈ సంగతి ఇక్కడ రాస్తున్నాను. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇది.

ఫిబ్రవరి 14 రాజబాబు వర్ధంతి. ఆయన 1983లో, ఐదు పదులు నిండకుండానే వెళ్ళిపోయారు. అప్పటికి నేను ప్రాథమిక పాఠశాలలో ఉన్నాను. మా ఊరి టూరింగ్ టాకీసులో నేల మీద కూర్చుని ఆయన సినిమాలు చూసినదాన్ని. ఆ వేళ మా నాన్నగారు పత్రిక మడిచి పక్కన పెట్టి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను ఆ పత్రిక తెరిచి చూశాను. ఫోటోలో ఆయన నవ్వుతున్నారు, కింద చనిపోయారని ఉంది. ఆ రెండూ ఒకచోట ఎలా ఉంటాయో నాకు అర్థం కాలేదు. మా బంధువు కాని మనిషి కోసం నేను ఏడవడం అదే మొదటిసారి.

పెద్దయ్యాక తెలిసిన మరో విషయం వల్ల ఆయన నాకు ఇంకా దగ్గరయ్యారు. రాజబాబు కూడా మా వృత్తివారే. రాజమండ్రిలో పుట్టిన ఆయన అసలు పేరు పుణ్యమూర్తుల అప్పలరాజు. ఉపాధ్యాయ శిక్షణ పొంది, కొంతకాలం తెలుగు పాఠాలు చెప్పారు. బడిలో పనిచేస్తూనే నాటకాలు వేసేవారు. వాటిలో ఆయనను చూసిన 'పుట్టిల్లు' సినిమా దర్శకుడు డాక్టర్ గరికపాటి రాజారావు సినిమాల్లోకి వెళ్ళమని ప్రోత్సహించారు. 1960లో మద్రాసు వెళ్ళారు. అక్కడ పూట గడవడానికి ఆయన చేసిన పని ఏమిటో తెలుసా? హాస్యనటుడు అడ్డాల నారాయణరావు పిల్లలకు ప్రైవేటు చెప్పడం! అవకాశం కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లో ఆయనకు అన్నం పెట్టింది పలకా బలపమే. తొలి సినిమా 'సమాజం'లో వేషం కూడా ఆ ఇంటి పరిచయంతోనే వచ్చింది.

నిడదవోలులో చదువుకునేటప్పుడు ఆయన బుర్రకథ నేర్చుకున్నారు. ఈ సంగతి దగ్గర కాస్త ఆగాలనిపిస్తోంది. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా ఇద్దరు వంతలు ఉంటారు. అందులో ఒకరిది హాస్యం. కథకుడు ఊపిరి తీసుకునే సందులో, కథ తాళం తప్పకుండా, ఆ వంత తన మాట వెయ్యాలి. ఒక్క క్షణం ముందు వేస్తే కథ చెడుతుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే నవ్వు పుట్టదు. అంటే వేదిక మీద ఎదుటివాడి మాటను అందరికంటే శ్రద్ధగా వినవలసినవాడు నవ్వించేవాడే. రాజబాబు సినిమాలు మళ్ళీ చూసినప్పుడు ఈ కళ్ళతో చూడండి. హాస్యనటి రమాప్రభ గారితో ఉన్న సన్నివేశాల్లో ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ ఆయన ముఖాన్ని గమనించండి. మన నాటకంలో ఆ అబ్బాయికి వంటవాడి పాత్ర ఇవ్వడానికి కారణం కూడా అదే. తరగతిలో ఎవరేం మాట్లాడినా చెవి ఒగ్గి వినేది వాడే.

నవ్వించే మనిషిని గౌరవించరన్న భయానికి కూడా ఆయన బతుకులోనే జవాబు ఉంది. గౌరవం ఆయన పొందడమే కాదు, ఇతరులకు ఇచ్చారు కూడా. ఏటా తన పుట్టినరోజున పాత తరం నటులను పిలిచి సన్మానించేవారు. 'పాతాళ భైరవి'లో అంజిగా నవ్వించిన బాలకృష్ణ, రేలంగి, సూర్యకాంతం, సావిత్రి ఆ సన్మానం అందుకున్నవారే. వెండితెర మీద వెలుగు తగ్గిన పెద్దల గడప తొక్కేవారు ఏ రంగంలోనైనా తక్కువే. తాను వెలుగులో ఉండగా ఆయన ఆ పని చేశారు. కోరుకొండలో జూనియర్ కళాశాల కోసం ఆయన ఇచ్చిన విరాళాన్ని తలుచుకుంటే, పంతులుగారు బడిని మరిచిపోలేదని నాకు కళ్ళు చెమరుస్తాయి.

ఆయన బాధను కూడా పండించగలరని తెలియాలంటే 'తాత మనవడు' చూడండి. దాసరి నారాయణరావు దర్శకుడిగా తీసిన మొదటి సినిమా అది. తాతగా ఎస్.వి. రంగారావు నటించారు, మనవడు రాజబాబు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని పిల్లలతో కలిసి చూడండి. ఏడో తరగతి పిల్లలకు, రాజబాబు గురించి ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రమ్మని పోయిన వారం చెప్పాను. మర్నాడు ఒక అమ్మాయి, "మేడం, పేరు చెప్పగానే మా నాయనమ్మ నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే చెప్పలేక ఇంకా నవ్వింది" అంది. ఆయన పోయి నాలుగు దశాబ్దాలు దాటింది. ఆ నాయనమ్మ పక్కన కూర్చుని ఆయన నటన గురించి నేను కూడా వినాలనుకుంటున్నాను.

14న ఉదయం ప్రార్థన తరువాత ఆయనను తలుచుకుంటాం. సిబ్బంది గది పక్క గోడ మీద, మహనీయుల వరుసలో ఆయన చిత్రం పెడుతున్నాం. ఉపాధ్యాయుల వరుసలో పెట్టాలా, కళాకారుల వరుసలో పెట్టాలా అని మాలో చర్చ జరిగింది. మా తెలుగు మాస్టారు పట్టుబట్టి ఉపాధ్యాయుల వరుసలోనే పెట్టించారు. ఆ చర్చలో ఓడిపోయినందుకు నాకు సంతోషంగా ఉంది. పాత సినిమా పాటల పుస్తకాలు, పత్రికలు మీ ఇళ్ళలో ఉంటే ఆ ఒక్క రోజుకు పంపండి, జాగ్రత్తగా తిరిగి ఇస్తాం.

ఇక పరీక్షల సంగతి. పదో తరగతికి సాయంత్రం తరగతులు ఎప్పటిలాగే జరుగుతాయి. రాత్రి పదింటికల్లా పిల్లలను నిద్రపుచ్చండి. ఫోనును ఆ వేళకు మీ దగ్గరే ఉంచుకోండి.

వార్షికోత్సవం రోజున కాస్త ముందుగా రండి, నాటకమే మొదటి అంశం. ఆ అబ్బాయి వంటవాడి వేషమే వేస్తున్నాడు. తలపాగాకు గుడ్డ, పెద్ద ఇత్తడి గరిటె నిన్న వాళ్ళ అమ్మగారే తెచ్చి ఇచ్చి వెళ్ళారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు