రష్యన్ సినిమాలకూ ఒక ఆట ఇవ్వండి

సంపాదకులకు,

రష్యన్ దర్శకుడు జ్వ్యాగింత్సెవ్ తీసిన ‘లెవియాథన్’ (2014) తప్పక చూడాలి. సముద్రం ఒడ్డున ఓ ఇల్లు, దాని జాగా మీద మేయర్ కన్ను. భూమి తగాదాలు ఎరిగిన మన జిల్లాల వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఆయనదే ‘లవ్‌లెస్’ (2017) ఇంకా కఠినం, పిల్లలతో చూసేది కాదు. బాలగోవ్ ‘బీన్‌పోల్’ (2019) రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన లెనిన్‌గ్రాడ్‌లో ఇద్దరు స్త్రీల కథ. ‘ది ఛాలెంజ్’ (2023) కథ మామూలే, కానీ అంతరిక్ష కేంద్రం సన్నివేశాలు 2021లో నిజంగా అక్కడే తీశారు. అది పెద్ద తెర మీదే చూడాలి.

ఇంట్లో చూసేటప్పుడు చిక్కంతా సబ్‌టైటిల్స్‌తోనే. అన్ని పాత్రలకూ ఒకే గొంతు చెప్పే డబ్బింగ్ వద్దు, రష్యన్ ఆడియోనే పెట్టుకోండి. సబ్‌టైటిల్ ఫైల్‌కు సినిమా ఫైల్ పేరే పెట్టాలి. తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తులుగా వస్తే ఆ ఫైల్‌ను యూటీఎఫ్-8లో (తెలుగు లిపిని సరిగా దాచే పద్ధతి) మళ్లీ సేవ్ చేయాలి. మాటలు మొదటినుంచీ ఒకే తేడాతో వస్తుంటే వీడియోలు చూపే వీఎల్‌సీ ప్లేయర్‌లో జి, హెచ్ మీటలు చాలు. తేడా పోనుపోను పెరుగుతుంటే అది సినిమా, సబ్‌టైటిల్ ఫైళ్లలో ఒకటి సెకనుకు 24 ఫ్రేముల (బొమ్మల) వేగానికి, మరొకటి 25కి చేసిన గొడవ. రెండు గంటలయ్యేసరికి దాదాపు ఐదు నిమిషాలు తప్పుతుంది, ఆ మీటలతో సరిపోదు, సరిపోయే వేరే ఫైల్ వెతుక్కోవడం మేలు.

వరంగల్, హన్మకొండ థియేటర్ల వాళ్లు ఆదివారం ఉదయం ఆట ఒక్కటి ఇలాంటి చిత్రాలకు ఇవ్వాలని కోరుతున్నాం.

— కొందరు సినీ అభిమానులు, హన్మకొండ