రెండు కాగితాలూ నిజమే చెబుతున్నాయి

చెన్నై,
ఆదివారం సాయంత్రం

రమణా,

"ఒక కాగితం పాప బాగుందంటోంది, ఇంకొకటి బాగాలేదంటోంది, ఇందులో ఏది అబద్ధంరా?" అని పాపకు పుట్టుకతో ఉన్న సిస్టిక్ ఫైబ్రోసిస్ కోసం చేయించిన రెండు ఊపిరితిత్తుల పరీక్షల కాగితాలు చూసి నిన్న నువ్వు అడిగినప్పుడు వెనక ఒంగోలు బస్టాండు గోల. నేను చెప్పింది సగం కూడా నీ చెవిన పడలేదని నీ ఊఁ కొట్టడంలోనే తెలిసిపోయింది. మా ఆవిడ పిల్లలను తీసుకుని టి.నగర్ వెళ్లింది, రాత్రి దాకా రాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

ఏదీ అబద్ధం కాదు. రెండు పరీక్షలూ అడిగే ప్రశ్నలే వేరు. గాలి ఎంత జోరుగా బయటికి వస్తోందని స్పైరోమెట్రీ అడుగుతుంది. పీల్చిన గాలి ఊపిరితిత్తుల్లో మూలమూలకూ సమంగా చేరుతోందా అని రెండోది, అంటే ఎల్.సి.ఐ. (లంగ్ క్లియరెన్స్ ఇండెక్స్) పరీక్ష అడుగుతుంది. మొదటిదానికి పాప చెప్పిన జవాబు 94 శాతం, చాలా బాగుంది. రెండోదానికి 9.6. అక్కడే నీకు కంగారు పుట్టింది.

పరీక్ష గదిలోకి వాళ్లమ్మను మాత్రమే రానిచ్చాం కాబట్టి నువ్వు చూడలేదు. స్పైరోమెట్రీ అప్పుడు మాతో పనిచేసే సెల్వి పక్కన నిలబడి ఊదు, ఊదు, ఇంకా, ఇంకా అని గొంతు చించుకుంటుంది. తెరమీద పుట్టినరోజు కొవ్వొత్తులు కనిపిస్తాయి. ఊదిన కొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతుంది. చివరి కొవ్వొత్తి ఆరలేదని నీ కూతురు సెల్వితో పేచీ పెట్టుకుని మళ్లీ ఊదింది! అంత పట్టుదల ఉంటే మా పని సులువు. ఈ పరీక్షంతా ఊదేవాళ్ల ప్రయత్నం మీదే ఆధారపడుతుంది. కనీసం మూడు మంచి ఊదుళ్లు రావాలి. వాటిలో అన్నిటికంటే ఎక్కువ వచ్చిన రెండింటికీ తేడా 150 మిల్లీలీటర్లు మించకూడదు. మొదటి సెకనులో బయటికి వచ్చిన గాలినే ఎఫ్.ఇ.వి.1 అంటాం. పాపది 1.2 లీటర్లు. అదే వయసు, అదే ఎత్తు ఉన్న ఆడపిల్లకు ఉండాల్సినదానితో పోల్చి 94 శాతం అని యంత్రం వేసింది. అంటే ఆ శాతం ఎత్తును బట్టి మారుతుంది. చెప్పులతో నిలబెట్టి ఎత్తు కొలిస్తే ఆ లెక్కే తప్పుతుంది. ఏ పట్టిక ప్రకారం లెక్క కట్టారన్న దాన్ని బట్టి కూడా మారుతుంది. అందుకే ఎక్కడ చేయించినా శాతంతో పాటు లీటర్లు కూడా రాయించుకో.

రెండో పరీక్షలో బలంతో పనే లేదు. ముక్కుకు క్లిప్పు, నోట్లో మౌత్‌పీస్, ఎదురుగా కార్టూన్. మామూలుగా ఊపిరి తీసుకుంటూ కూర్చోవడమే. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్ కదా, ఊపిరితిత్తుల నిండా అదే ఉంటుంది. ఒక క్షణాన గాలి ఆపేసి ఉత్త ఆక్సిజన్ పంపిస్తాం. ఇక ప్రతి ఊపిరితోనూ లోపలి నైట్రోజన్ కొంత కొంత బయటికి వస్తుంది. అది మొదట ఉన్నదానిలో నలభయ్యో వంతుకు తగ్గేదాకా చూస్తాం. పాలగిన్నెను నీళ్లు పోసి తొలిచినట్టే ఇది. నున్నటి గిన్నెకు రెండు మూడు సార్లకే తెల్లనీళ్లు పోయి మామూలు నీళ్లు వస్తాయి. సొట్టలున్న గిన్నెకు ఎన్నిసార్లు పోసినా తెలుపు వస్తూనే ఉంటుంది. మామూలుగా ఊపిరి వదిలాక కూడా లోపల కొంత గాలి మిగులుతుంది. దానికి ఎన్ని రెట్ల గాలి కదిలితే నైట్రోజన్ పోయిందన్నదే ఎల్.సి.ఐ. మార్గరెట్ బెక్‌లేక్ 1952లోనే ఈ కొలత ప్రతిపాదించారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు సుమారు 6, 7 ఉంటుంది. 8 దాటిందంటే గాలి సమంగా చేరడం లేదని అర్థం.

వినడానికి సుఖంగా ఉంది గానీ చేయించడానికి ఓపిక కావాలి. పిల్లిని ఎలుక తరిమే చోట పాప పకపకా నవ్వింది. పెదవి పక్కనుంచి గది గాలి చొరబడి, బుద్ధిగా దిగుతున్న గీత ఒక్కసారి పైకి లేచింది. ఆ కొలత పోయినట్టే. మళ్లీ మొదలుపెట్టాలంటే లోపలి ఆక్సిజన్ పోయి మామూలు గాలి నిండేదాకా ఆగాలి. నువ్వు బయట బెంచీ మీద ఇంతసేపా అని విసుక్కున్నది ఇందుకే.

ఇక ఒకటి బాగుండి ఇంకొకటి బాగాలేకపోవడం ఎలా అంటావా? సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో చిక్కటి కఫం ముందుగా పట్టేది చివరనున్న సన్నని గొట్టాల్లో, రెండు మిల్లీమీటర్లకు లోపు వాటిలో. అవి వేలకొద్దీ పక్కపక్కనే ఉంటాయి. కొన్ని మూసుకున్నా మిగతావాటి గుండా గాలి జోరుగానే వచ్చేస్తుంది. ఎఫ్.ఇ.వి.1కు ఆ సంగతి తెలియనే తెలియదు. ఎల్.సి.ఐ.కి మాత్రం ఆ మూలల్లో నుంచి ఆలస్యంగా వచ్చే నైట్రోజన్ కనిపిస్తుంది. పైగా గట్టిగా ఊదడం రాని మూడేళ్ల పిల్లలకు కూడా దీన్ని చేయవచ్చు.

ఇది చదివి ఇక స్పైరోమెట్రీ దండగ అనుకునేవు, అలా కాదు. జబ్బు ముదిరినవాళ్లలో ఎల్.సి.ఐ. అంత నమ్మకంగా ఉండదు. పూర్తిగా మూసుకుపోయిన భాగంలోకి ఆక్సిజన్ వెళ్లనే వెళ్లదు కాబట్టి, దాన్ని యంత్రం లెక్కలోకే తీసుకోదు. ఫిజియోథెరపీ చేశాక అలాంటి భాగం కాస్త తెరుచుకుంటే, అక్కడి నెమ్మదైన గాలి కూడా లెక్కలోకి వచ్చి అంకె పెరగవచ్చు కూడా. మేలు జరిగినప్పుడు అంకె చెడ్డగా కనిపించడమంటే ఇదే. స్పైరోమెట్రీ అలా కాదు. చవక, పెద్ద ఊళ్లలో దొరుకుతుంది, ఏళ్ల తరబడి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. నన్నడిగితే, నీకు దగ్గరలో మూడు నెలలకొకసారి శ్రద్ధగా చేయించే స్పైరోమెట్రీ, ఏడాదికొకసారి మా దగ్గర ఎల్.సి.ఐ. చాలు. దీనికోసం ఊళ్లు పట్టుకుని తిరగకు.

ఇంటర్నెట్‌లో చూసిన అంకెలతో పాప అంకెను పోల్చకు. నైట్రోజన్‌కు బదులు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువుతో చేసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల అంకె, మన అంకె ఒకటి కాదు. ప్రపంచమంతా బాగా వాడే ఒక యంత్రం సాఫ్ట్‌వేర్ నైట్రోజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోందని 2021లో బయటపడింది. దాన్ని సరిచేశాక ఎల్.సి.ఐ. అంకెలు కిందికి దిగాయి. అందుకే అదే యంత్రం, అదే పద్ధతి, పాప పాత కాగితంతోనే పోలిక.

ఇప్పుడు అసలు విషయం. 94 చూసి మీ అమ్మగారు "పిల్లను ఇంకా ఎందుకు వేపుకుతింటారు, ఆ ఆవిరి మానేయండి" అన్నారని నీ మాటల్లో దొర్లింది. మానవద్దు. 3 నుంచి 6 ఏళ్ల పిల్లల మీద జరిగిన ఒక పరిశోధన 2019లో వెలువడింది. 7 శాతం ఉప్పునీటిని నెబ్యులైజర్‌తో ఆవిరిలా పీల్చిన పిల్లల ఎల్.సి.ఐ., మామూలు సెలైన్ వాడినవాళ్ల కంటే మెరుగుపడింది. నీ కూతురి 9.6 ఇంకా దించగలిగిన దశలోనే ఉందని మీ డాక్టరు అనుకుంటున్నారు కాబట్టే ఆ ఆవిరీ, వీపు తట్టడమూ రాశారు. మందు మార్చాలా వద్దా అన్నది ఆయన చూసుకుంటారు, నేను యంత్రం తిప్పేవాణ్ణి. అమ్మగారికి 94 గురించి కాకుండా ఆ రెండో కాగితం గురించి చెప్పు.

మళ్లీ వచ్చేటప్పుడు పినాకిని ఎక్స్‌ప్రెస్‌కు వచ్చేయి, మా ఇంట్లో దిగండి. పాత కాగితాలన్నీ తీసుకురా. జలుబు, దగ్గు పెరిగి ఉంటే ముందే ఫోన్ చెయ్యి, తేదీ మారుద్దాం. వెయిటింగ్ హాల్లో ఇదే జబ్బున్న ఇంకో పిల్లాడు కనిపిస్తే ఆడుకోనివ్వకు. కటువుగా ఉన్నా తప్పదు, వీళ్ల క్రిములు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటే చాలా మొండివి. పాపకు చెమటలో ఉప్పు ఎక్కువగా పోతుంది, మా చెన్నై ఉక్కలో మరీనూ. దారిలో ఉప్పు వేసిన మజ్జిగ సీసా ఒకటి పెట్టుకోండి. ఏ వారం వీలవుతుందో చెప్పు, సెల్వి సెలవులో లేని రోజు చూసి స్లాట్ వేయిస్తాను.

నీ
శీను