టానర్ పెరిగిన ఇంటిని నిలబెట్టండి

గౌరవనీయులైన ఫిలడెల్ఫియా నగర మేయర్ గారికి,

నమస్కారం. మీ ఊరి శివార్లలో స్థిరపడిన తెలుగువాడిని, చిత్రకళంటే ప్రాణం. వెస్ట్ డైమండ్ స్ట్రీట్‌లోని 2908 నంబరు ఇంటి గురించి రాస్తున్నాను. నల్లజాతి అమెరికన్ చిత్రకారుడు హెన్రీ ఒసావా టానర్ పెరిగిన ఇల్లది. 1976లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందింది. అయినా పట్టించుకునేవాళ్లు లేక కూల్చివేత భయం దాకా వచ్చింది. దాన్ని కాపాడటానికి అభిమానులే చందాలు పోగుచేయాల్సి వచ్చింది.

టానర్‌ని పారిస్ తయారుచేసిందంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. 1891లో అక్కడికి వెళ్లి చిత్రకారుడు బెంజమిన్ కాన్‌స్టాంట్ దగ్గర నేర్చుకున్న మాట నిజమే. కానీ తల్లి సారా బానిసగా పుట్టి, తప్పించుకొచ్చిన మనిషి. తండ్రి చర్చిలో బోధకుడు, తర్వాత బిషప్. బానిసత్వం మీద జాన్ బ్రౌన్ పోరాడిన ఒసావాటమీ ఊరి పేరులోంచే కొడుక్కి ‘ఒసావా’ అని పెట్టుకున్నారు. చిన్నతనంలో ఫెయిర్‌మౌంట్ పార్కులో ఎవరో బొమ్మ వేస్తుంటే చూసి, తానూ పెయింటర్ కావాలనుకున్నాడు. పెన్సిల్వేనియా అకాడమీ అనే చిత్రకళా విద్యాలయంలో గురువు థామస్ ఈకిన్స్. ఇదంతా పారిస్‌కి ముందు సంగతే.

1893లో వేసిన ‘ది బాంజో లెసన్’ చూడండి. ముసలాయన మోకాళ్ల మధ్య నిలబడి పిల్లాడు బాంజో మీటుతుంటాడు. ఒకపక్క నుంచి పగటి చల్లని వెలుగు, ఇంకోపక్క నుంచి పొయ్యి మంట వెచ్చని వెలుగు. ఆ రోజుల్లో నల్లవాళ్ల చేతికి బాంజో ఇచ్చి గీసేది ఎక్కువగా నవ్వించడానికే. టానర్ గీసింది మాత్రం పెద్దవాళ్ల నుంచి పిల్లలకు అందే చదువు. అది ఆ ఇంటి నుంచి వచ్చిన చూపని నా నమ్మకం.

1898 నాటి ‘ది అనన్సియేషన్’, అంటే ఏసు పుట్టబోతున్నాడని దేవదూత మేరీకి చెప్పే ఘట్టం. అందులో దేవదూతకు రెక్కల్లేవు, నిలువెత్తు వెలుగంతే. మేరీ నలిగిన పక్క మీద కూర్చున్న పేదింటి పిల్ల. ఆ బొమ్మ మీ ఊరి ఆర్ట్ మ్యూజియంలోనే ఉంది. వేసినవాడు మాత్రం వర్ణవివక్ష భరించలేక ఫ్రాన్స్‌లోనే ఉండిపోయాడు. 1923లో లీజియన్ ఆఫ్ ఆనర్ అనే తన జాతీయ పురస్కారం ఇచ్చి గౌరవించిందీ ఫ్రాన్సే. 1937లో పారిస్‌లో కన్నుమూశాడు.

అయ్యా, అమ్మా అని బతిమాలే విషయం కాదిది. మరమ్మతు పూర్తయ్యేదాకా నగర బడ్జెట్‌ నుంచి అండగా నిలవండి. బాగయ్యాక తాళం వేసిన స్మారకంగా వదిలేయకండి, ఆ ఇల్లున్న స్ట్రాబెర్రీ మాన్షన్ పేట పిల్లలు సాయంత్రాలు వచ్చి రంగులు వేసుకునే చోటు చేయండి. ఆ ఇంట్లో ఏం జరగాలో ఆ వీధివాళ్లను అడిగాకే నిర్ణయించండి. ఎంత నిధి ఇస్తారో, పని ఎప్పటికి పూర్తవుతుందో బహిరంగంగా ప్రకటించండి.

ఇట్లు,
ఒక తెలుగు చిత్రకళాభిమాని