బాలింతల చావుల లెక్క బయటపెట్టండి: జార్జియా గవర్నర్‌కు ఒక తెలుగు నర్సు బహిరంగ లేఖ

జార్జియా రాష్ట్ర గవర్నర్ శ్రీ బ్రయాన్ కెంప్ గారికి,

నమస్కారం.

నేను ఫోర్సైత్ కౌంటీలోని కమ్మింగ్‌లో ఉంటాను. అట్లాంటా చుట్టుపక్కల ఒక ఆసుపత్రిలో బాలింతల వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ ఆఫీసుకు పంపాను. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. ఈ రాష్ట్రంలో పన్నులు కడుతూ, ఓట్లేస్తూ, ఇక్కడే పిల్లల్ని కంటున్న తెలుగువాళ్ళలో చాలామంది ఇది తమకు సంబంధం లేని గొడవ అనుకుంటున్నారు. వాళ్ళు కూడా చదవాలి.

అడగాల్సింది ముందే అడిగేస్తాను. కడుపుతో ఉండగానో, కాన్పయిన ఏడాది లోపలో చనిపోయిన ప్రతి తల్లి ఫైలునూ తెరిచి చూసి, ఈ చావు ఆపగలిగేదా కాదా అని తేల్చడానికి మన రాష్ట్రంలో ఒక కమిటీ ఉంది. 2024 నవంబరులో మీ ప్రజారోగ్య శాఖ ఆ కమిటీలో ఉన్నవాళ్ళందర్నీ ఒక్క ఉత్తరంతో తీసేసింది. కొత్తగా వేసిన సభ్యులు ఎవరో చెప్పడానికి కూడా శాఖ ఒప్పుకోలేదని మరుసటి ఏడాది వార్తలు వచ్చాయి. ఆ పేర్లు ప్రకటించండి. కమిటీ ఏం తేల్చిందో, తల్లుల పేర్లు లేకుండా, ఎప్పటికప్పుడు జనం ముందు పెట్టండి.

పాత కమిటీని ఎందుకు తీసేశారో అందరికీ తెలుసు. రహస్యంగా ఉండాల్సిన సమాచారం బయటికి పొక్కిందని, ఎవరు చెప్పారో తేలలేదు కాబట్టి అందర్నీ తీసేస్తున్నామని శాఖ చెప్పింది. మరి ఆ పొక్కిన సమాచారం ఏమిటి? ఇద్దరు నల్లజాతి తల్లుల చావులు. ఇద్దరివీ ఆపగలిగిన చావులేనని కమిటీయే తేల్చింది.

మొదటి ఆవిడకు 28 ఏళ్ళు. మెడికల్ అసిస్టెంటు. ఆరేళ్ళ కొడుకు ఉన్నాడు. ఆరు వారాలు దాటితే అబార్షన్ కుదరదన్న మీ చట్టం 2022 జులైలో అమల్లోకి వచ్చింది కాబట్టి ఆవిడ నార్త్ కరోలినా దాకా కారులో వెళ్ళి మాత్రలు తెచ్చుకుంది. తర్వాత ఇన్‌ఫెక్షన్ వచ్చింది. గర్భసంచిలో మిగిలినది తీసేయడానికి డీ అండ్ సీ చేయాలి. నర్సుగా చెబుతున్నాను, అది మాకు రోజూవారీ పని. గర్భం నిలవని ఎందరికో చేస్తాం. ఆవిడ ఆసుపత్రికి వచ్చాక ఆపరేషన్ గదిలోకి వెళ్ళేసరికి సుమారు 20 గంటలు పట్టింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఇది ఆగస్టు సంగతి, చట్టం వచ్చి నెలైనా నిండలేదు.

రెండో ఆవిడకు 41 ఏళ్ళు, ముగ్గురు పిల్లలు. లూపస్ (ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద దాడిచేసే జబ్బు), షుగర్, బీపీ మూడూ ఉన్నాయి. మళ్ళీ గర్భం వస్తే ప్రాణానికే ముప్పని డాక్టర్లు ముందే చెప్పారు. గర్భం వచ్చాక, చట్టానికి భయపడి డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా ఇంట్లోనే కన్నుమూసిందని కుటుంబం చెప్పింది.

తల్లి ప్రాణానికి ముప్పుంటే చట్టంలో మినహాయింపు ఉందని మీరంటారు. ఉంది, నేను చదివాను. కానీ ముప్పు ఎంత దగ్గరికి వస్తే అది ముప్పు కింద లెక్క? మినహాయింపును తప్పుగా అర్థం చేసుకున్న డాక్టరుకు పదేళ్ళ దాకా జైలు. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు, చట్టం ఏమంటుందో అని లాయరుకు ఫోన్ చేసే పరిస్థితి వచ్చాక, రోగికి దక్కాల్సిన గంటలు ఫోన్లలోనే కరిగిపోతాయి. బీపీ పడిపోతున్న మనిషికి అన్ని గంటలు ఉండవు.

2025 ఫిబ్రవరిలో ఇంకో ఘోరం. 30 ఏళ్ళ నల్లజాతి నర్సు, సుమారు తొమ్మిది వారాల గర్భిణి, భరించలేని తలనొప్పి అని ఆసుపత్రికి వెళ్ళింది. మందిచ్చి ఇంటికి పంపారు. మర్నాడు ఉదయానికి ఊపిరి అందలేదు. మెదడులో రక్తం గడ్డలు. బ్రెయిన్ డెడ్ అని తేల్చారు. అయినా కడుపులో బిడ్డ ఉంది కాబట్టి చట్టం ఒప్పుకోదని ఆవిడను నెలల తరబడి వెంటిలేటర్ మీదే ఉంచారని కుటుంబం చెప్పింది. చట్టం అలా చెప్పడం లేదని మీ అటార్నీ జనరల్ ఆఫీసు తర్వాత ప్రకటించింది. జూన్‌లో ఎనిమిది వందల గ్రాములున్న బిడ్డను బయటికి తీశాక, వెంటిలేటర్ తీసేసి తల్లిని సాగనంపారు. ఆ ఇంటివాళ్ళు ఏమనుకుంటున్నారో, ఏం కావాలనుకుంటున్నారో అన్ని నెలల్లో ఎవరూ అడగలేదు.

బిడ్డ సంగతి వచ్చినప్పుడు చట్టం అంత గట్టిగా నిలబడిందే, తలనొప్పి అని వచ్చిన మొదటి రోజు ఆ గట్టిదనం ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వదు. ఎందుకంటే నా పనిలో తలనొప్పి అనే మాటకు చాలా విలువ ఉంది. బాలింత తలనొప్పి అన్నా, కళ్ళముందు మెరుపులు కనిపిస్తున్నాయన్నా బీపీ చూడకుండా వదలకూడదు. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనే జబ్బు (బీపీ పెరిగి ఫిట్స్ రావడం) అలాగే మొదలవుతుంది.

మా వార్డుకు ఒక రాత్రి తొలికాన్పు అమ్మాయిని తెచ్చారు. ఇంటికి వెళ్ళిన ఐదో రోజు. బీపీ 178/112. ఫిట్స్ రాకుండా మాగ్నీషియం డ్రిప్ పెట్టి, ఆ మందు ఎక్కువవుతోందేమోనని గంటగంటకీ మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూస్తూ తెల్లవార్లూ కూర్చున్నాం. పక్కన కారు సీటులో పసిగుడ్డు నిద్రపోతోంది. వాళ్ళమ్మ చెప్పింది: వేరే ఆసుపత్రి ఎమర్జెన్సీలో కౌంటర్ దగ్గర ఇన్సూరెన్స్ కార్డు అడిగారట, పుట్టినతేదీ అడిగారట, నొప్పి పదికి ఎంత అని అడిగారట. కాన్పు ఎప్పుడైంది అని మాత్రం ఎవరూ అడగలేదు. చంటిబిడ్డ కళ్ళెదురుగానే ఉంది! "మరి మీరు గట్టిగా చెప్పలేదా అమ్మా?" అన్నాను. ఆవిడ నా వైపు చూసి అంది, "గొంతు పెంచితే సెక్యూరిటీని పిలుస్తారు. అందుకే మెల్లగా నాలుగుసార్లు చెప్పాను."

ఆ అమ్మాయి బతికింది. అందుకే ఆ రాత్రి ఏ లెక్కలోనూ లేదు.

లెక్కల్లోకి వచ్చినవి చెబుతాను. 2023లో అమెరికాలో లక్ష మంది పిల్లలు పుడితే తెల్లజాతి తల్లులు 14.5 మంది, మనలాంటి ఆసియావాళ్ళు 10.7 మంది చనిపోయారు. నల్లజాతి తల్లులు 50.3 మంది. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే తెల్లవాళ్ళలో ఆ సంఖ్య 19 నుంచి తగ్గింది. నల్లవాళ్ళలో 49.5 ఉన్నది తగ్గనే లేదు. గర్భానికి సంబంధించిన చావుల్లో నూటికి ఎనభైకి పైగా ఆపగలిగినవేనని చెబుతున్నది మన అట్లాంటాలోనే ఉన్న సీడీసీ, దేశమంతటి ఆరోగ్య లెక్కలు చూసే ప్రభుత్వ సంస్థ.

చదువు లేకనో, పేదరికం వల్లనో అనేవాళ్ళు మా తెలుగు పార్టీల్లో కూడా ఉంటారు. అదే సీడీసీ 2019లో ఇంకో లెక్క ఇచ్చింది. డిగ్రీ చదివిన నల్లజాతి తల్లుల మరణాల రేటు, హైస్కూలు కూడా పూర్తిచేయని తెల్లజాతి తల్లుల రేటు కన్నా 1.6 రెట్లు ఎక్కువ. డాక్టర్ షాలన్ ఇర్వింగ్ ఆ సీడీసీలోనే శాస్త్రవేత్త. ఆరోగ్యంలో అసమానతలే ఆమె పరిశోధన. 2017 జనవరిలో, కూతురు పుట్టిన మూడు వారాలకు, బీపీ వల్ల వచ్చిన సమస్యలతో 36 ఏళ్ళకే చనిపోయింది. ఆ మూడు వారాల్లోనూ బాగోలేదని మళ్ళీ మళ్ళీ వైద్యుల దగ్గరికి వెళ్ళింది. రెండు సబ్జెక్టులు కలిపి పీహెచ్‌డీ చేసిన మనిషి మాటకే విలువ లేకపోతే, ఇంక ఏం చదివితే వింటారు?

ఇది ఇప్పుడు పుట్టిన జబ్బు కాదు. జార్జియా 1937లో చట్టం చేసి మరీ, కనడానికి పనికిరారని ముద్రవేసిన 3,000 మందికి పైగా మనుషులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసింది. 1970లో గానీ ఆ చట్టం పోలేదు. 2007లో రాష్ట్ర సెనేట్ తీవ్ర విచారం ప్రకటించింది. పక్కనే అలబామాలో 1973లో 14, 12 ఏళ్ళ నల్లజాతి అక్కచెల్లెళ్ళకు, చదువురాని తల్లి చేత కాగితం మీద ఇంటూ మార్కు పెట్టించుకుని ఆపరేషన్ చేసేశారు. ఇంజెక్షన్ కోసమని ఆ తల్లి అనుకుంది.

మా తెలుగువాళ్ళకు ఇది కొత్త కథ కాదు. 2022 ఆగస్టులో, అంటే పైన చెప్పిన 28 ఏళ్ళ తల్లి చనిపోయిన నెలలోనే, హైదరాబాద్ పక్కన ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజులో 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. అక్కడ పిల్లల్ని కనొద్దని, ఇక్కడ కనాల్సిందేనని. రెండు చోట్లా పోయింది ఆడవాళ్ళ ప్రాణాలే.

అందుకే 1994లో షికాగోలో పన్నెండు మంది నల్లజాతి మహిళలు కూర్చుని మూడు హక్కులు కలిపి అడిగారు. పిల్లలు వద్దనుకునే హక్కు, కావాలనుకునే హక్కు, కన్న పిల్లల్ని భయం లేని చోట పెంచుకునే హక్కు. దానికి పునరుత్పత్తి న్యాయం అని పేరు పెట్టారు. ఆ ఆలోచన మీద నిలబడిన సిస్టర్‌సాంగ్ సంస్థ మన అట్లాంటాలోనే ఉంది. మీ చట్టం మీద కోర్టుకెళ్ళిందీ ఆ సంస్థే. 2024 సెప్టెంబరు 30న జడ్జి చట్టాన్ని కొట్టేశారు. వారం తిరిగేసరికి రాష్ట్ర సుప్రీంకోర్టు మళ్ళీ అమల్లోకి తెచ్చింది.

మూడో హక్కు గురించి నేనుండే ఊరి నుంచే మాట్లాడతాను. ఈ కమ్మింగ్‌లో ఇప్పుడు ఎటు చూసినా మనవాళ్ళే. మంచి స్కూళ్ళని ఇల్లు కొనుక్కున్నాం, కొనుక్కోమని చుట్టాలకు చెప్పాం. 1912లో ఇదే ఫోర్సైత్ కౌంటీ నుంచి వెయ్యి మందికి పైగా నల్లవాళ్ళను రాత్రిళ్ళు తుపాకులతో బెదిరించి, చర్చిలు కాల్చి, కొన్ని వారాల్లో తరిమేశారు. పొలాలు వదిలేసి పారిపోయారు. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ ఇక్కడ శాంతియాత్ర చేస్తే రాళ్ళేశారు. అప్పటికీ ఈ కౌంటీలో నల్లవాళ్ళు దాదాపుగా లేరు. మా అపార్ట్‌మెంట్ల సంగతి, ఇళ్ళ ధరల సంగతి గంటలు గంటలు మాట్లాడుకునే మేము ఈ సంగతి మాట్లాడుకోం. నల్లవాళ్ళు రోడ్డెక్కి 1964లో పౌరహక్కుల చట్టం సాధించుకున్నాకే, ఆ మరుసటి ఏడాది వచ్చిన వలస చట్టంతో మాలాంటివాళ్ళకు ఈ దేశం తలుపు తెరుచుకుంది.

భూమి పోయినవాళ్ళ మనవలకు ఆస్తి లేదు, ఆస్తి లేని పేటల్లో ఆసుపత్రి నిలబడదు. 2022లో ఈస్ట్ పాయింట్‌లో ఒకటి, అట్లాంటా నడిబొడ్డున ఒకటి, నష్టాలొస్తున్నాయని రెండు ఆసుపత్రులు మూతపడ్డాయి. రెండూ ఎక్కువగా నల్లవాళ్ళు వెళ్ళేవే. పల్లెల్లో ఇంకా అన్యాయం. 159 కౌంటీల్లో దాదాపు సగం చోట్ల కాన్పుల డాక్టరే లేరు. నొప్పులు మొదలయ్యాక గంట దూరం ప్రయాణం చేసే గర్భిణికి చట్టం ఏం సాయం చేసింది?

మీరు చేసిన మంచి కూడా చెప్పాలి. పేదలకు ప్రభుత్వమిచ్చే వైద్య బీమా మెడికెయిడ్‌ను కాన్పయ్యాక ఏడాది దాకా పొడిగించే బిల్లు మీద 2022లో సంతకం చేశారు. దానివల్ల బతికినవాళ్ళను నేను చూస్తున్నాను. కానీ చాలామందికి బీపీ, షుగర్ కడుపు పండాక మొదలయ్యేవి కావు. గర్భం రాకముందు ఐదేళ్ళు డాక్టరు ముఖం చూడలేని అమ్మాయికి, నెల తప్పాక కార్డిస్తే అప్పటికే గుండె దెబ్బతిని ఉండొచ్చు. దేశంలో నలభై రాష్ట్రాలు మెడికెయిడ్‌ను తక్కువ ఆదాయం ఉన్న ఇంకా ఎక్కువమందికి విస్తరించాయి. మీరు విస్తరించకుండా 2023లో పాత్‌వేస్ అనే పథకం పెట్టారు. నెలకు 80 గంటల పని చూపిస్తేనే కార్డు. ఇంట్లో చంటిపిల్లను చూసుకోవడం మొదట్లో ఆ పని కిందకు రానే లేదు. పిల్లల్ని కనాలని చట్టం పెట్టినవాళ్ళకు, పిల్లల్ని పెంచడం పనిలా కనిపించలేదా?

మీ పదవీకాలం 2027 జనవరిలో ముగుస్తుంది. చట్టం మార్చడం మీ ఒక్కరి చేతిలో లేదు, మెడికెయిడ్‌కు అసెంబ్లీ కావాలి అంటారు. సరే, ఆ రెంటి కోసం వచ్చే ఎన్నికల్లో మేమంతా అడుగుతాం, అడిగి ఓటేస్తాం. కానీ కమిటీ సభ్యుల పేర్లు బయటపెట్టడానికి ఏ బిల్లూ అక్కర్లేదు. ఎమర్జెన్సీకి వచ్చిన ప్రతి ఆడమనిషినీ "ఏడాదిలోపు కాన్పయిందా?" అని ముందుగా అడగాలని, ఇన్సూరెన్స్ కార్డు సంగతి తర్వాత చూడాలని రాష్ట్రంలోని ఆసుపత్రులన్నిటికీ మీ ప్రజారోగ్య శాఖ చేత రాయించడానికి ఏ బిల్లూ అక్కర్లేదు. 2022 నుంచి జరిగిన తల్లుల చావుల్లో, చట్టం భయంతో వైద్యం ఎన్నిటిలో ఆలస్యమైందో కొత్త కమిటీని విడిగా చూడమనడానికీ అక్కర్లేదు.

ఈ మూడింటికీ మీ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాను. జవాబు వస్తే దాన్ని కూడా తెలుగులోకి మార్చి, ఈ లేఖ చదివినవాళ్ళందరికీ అందిస్తాను.

ఇట్లు,
బాలింతల వార్డు నర్సు,
కమ్మింగ్, జార్జియా