మంత్రి గారూ, తాళం వేసిన ఇంటి ముందు ఎవరితో ఫోటో దిగమంటారు?

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

కర్నూలు జిల్లా ఆదోని డివిజన్‌లో ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు నమస్కరించి రాయునది. పిల్లల ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులతో ఫోటో దిగి అప్‌లోడ్ చేయాలన్న నిబంధన మీద మండలంలో చెప్పుకున్నాం, జిల్లాలో చెప్పుకున్నాం, గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాం. ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో తమరికి తెలిస్తే సెలవివ్వండి.

పిల్లల ఇళ్లకు వెళ్లమంటే మాకేం పేచీ లేదు సార్. తల్లిదండ్రులను తరచూ కలిసి పిల్లల హాజరు, చదువు సంగతి చెప్పాలని 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లోనే ఉంది. బడి వదిలాక ఆటో దొరికితే ఆటోలో, దొరక్కపోతే నడిచి పోతున్నాం. చార్జీలు కూడా అడగడం లేదు. మా బాధంతా ఆ ఫోటోతోనే.

టీచరు, పిల్లవాడు, తల్లి, తండ్రి అందరూ పడాలి, వెనక ఇల్లు కనబడాలి, చీకటి పడేలోగా అప్‌లోడ్ కావాలి. చెప్పడానికి బాగానే ఉంది. దీపావళి దాటాక ఒకసారి కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు రండి, ఏ వీధిలో చూసినా తాళాలే కనబడతాయి. అంతా వానను నమ్ముకున్న చేలు. పత్తి తీయడానికి తెలంగాణకు, మిరప కోతలకు గుంటూరు, పల్నాడుకు, బిల్డింగ్ పనులకు బెంగళూరుకు పోతారు. మళ్లీ ఉగాదికే రావడం. 2024 డిసెంబర్ 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టినప్పుడు కూడా ఊళ్లో ఉన్నవాళ్లు వచ్చారు. ఎవరితో మాట్లాడాలో వాళ్లు అప్పటికే చేలల్లో ఉన్నారు.

మొన్న నాలుగో తరగతి పిల్లవాడి ఇంటికి పోతే గడప మీద అవ్వ ఒక్కతే కూర్చుని ఉంది. “సుగ్గికి పోయినారు మేడమ్, వాణ్ణీ తోడుకొని పోయినారు” అంది. సుగ్గి అంటే మా వైపు వలస కూలి. ఫోన్ బయటికి తీయగానే లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, లోపలికి పోయి రేషన్ కార్డు, ఆధార్ కార్డు పట్టుకొచ్చింది. “ఫోటో తీస్తే దుడ్లు పడతాయా?” అని అడిగింది. తల్లికి వందనం పథకం కింద తల్లి ఖాతాలో పడే 13 వేలు ఆగిపోతాయేమోనని ఆమె భయం. 75 శాతం హాజరు లేకపోతే రావని ఎవరో చెప్పారట. మనవడి చదువు గురించి నేనేం మాట్లాడినా ఆమె చూపు ఫోన్ మీదే. మేము ఎంక్వైరీకి వచ్చామనే వాళ్లు అనుకుంటున్నారు సార్. తల్లిదండ్రులకు, బడికి బంధం కలపడమంటే ఇదేనా?

ఆ అవ్వ ఫోటోనే పెట్టాను. తల్లిదండ్రుల ఫోటో పెట్టాలని తిప్పి పంపారు. గుంటూరు మిరప చేలకు పోయి తీసుకురమ్మంటారా? సెలవు ఇస్తే పోతాను, వెటకారం కాదు. అక్కడైతే పిల్లవాడు దొరుకుతాడు, తల్లీ దొరుకుతుంది.

ఇంకొక ఇంట్లో తమ్ముణ్ణి చూసుకోవడానికి ఆడపిల్లను బడి మాన్పించారు. అరుగు మీద కూర్చుని, వాళ్లమ్మ కట్టెల పొయ్యి ముందు నుంచి లేచేదాకా ఆగి మాట్లాడాను. చిన్నోణ్ణి అంగన్‌వాడీలో వదలడానికి ఒప్పుకుంది, మర్నాడు పిల్ల బడికి వచ్చింది. ఆ మాటల మధ్యలో ఫోన్ తీయబుద్ధి కాలేదు. ఫోటో లేదు కాబట్టి మీ లెక్క ప్రకారం ఆ ఇంటికి నేను పోనే లేదు, మెమో కూడా అందింది.

వలస పోయేవాళ్ల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు అన్నారు. మా ఊళ్లో దాని తాళం తీసేసరికి సంక్రాంతి దాటింది. అప్పటికి పిల్లలు ఎక్కడున్నారో తమరే ఊహించుకోండి. “మీ వాణ్ణి ఇక్కడే వదిలిపోండి” అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది మేమే. “ఎక్కడ వదలాల?” అంటే జవాబు లేక తల దించుకున్నదీ మేమే.

దయచేసి ఆ ఫోటో నిబంధన తీసేయండి సార్. తీయలేకపోతే అవ్వ ఫోటోనైనా ఒప్పుకోండి. ఇళ్లకు ఎప్పుడు పోవాలో మాకు వదిలేయండి, వాళ్లు బయల్దేరకముందే పోయి మాట్లాడతాం. హాస్టల్ మాత్రం దీపావళికి ముందే తెరిపించండి. అది తెరవకుండా మమ్మల్ని ఎన్ని ఇళ్లకు తిప్పినా లాభం లేదు. ఫోటో సంగతి మరోసారి మనవి చేసుకుంటున్నాను.

ఇట్లు,
ఆదోని డివిజన్ నుంచి ఒక ఉపాధ్యాయురాలు