ఇంటిల్లిపాదీ అచ్చు వేసిన ఏడాది: క్రోధి నామ సంవత్సర వార్షిక నివేదిక

సభ్యులందరికీ, మీ ఇళ్లలోని పెద్దలకూ పిల్లలకూ నమస్కారం.

2024 ఏప్రిల్ 9 నాటి ఉగాది నుంచి 2025 మార్చి 30 నాటి ఉగాది దాకా మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. రబ్బరు స్టాంపులూ, చేత్తో చేసే గ్రీటింగ్ కార్డులూ ఇష్టమైనవాళ్లం విజయవాడలో పెట్టుకున్న ఈ చిన్న సంఘంలో నిరుడు 14 కుటుంబాలుండేవి, ఇప్పుడు 23 ఉన్నాయి. మనిషికొక సభ్యత్వం తీసేసి ఇంటికొక సభ్యత్వం పెడదామని నిరుటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం కదా. ఈ ఏడాది జరిగిన మంచికంతటికీ ఆ తీర్మానమే మూలమని నా నమ్మకం. అంతకుముందు నెలకొక ఆదివారం ఏడెనిమిది మంది ఆడవాళ్లం కూర్చుని కార్డులు చేసుకుని వెళ్లిపోయేవాళ్లం. ఇంట్లోవాళ్లకు అది అమ్మ కాలక్షేపం, అంతే. ఇప్పుడు అమ్మతోపాటు తాతయ్య వస్తున్నాడు, చిన్నాన్న వస్తున్నాడు, ఒకటో తరగతి పిల్లలు ముందే వచ్చి చాపలు పరుస్తున్నారు.

మొదటి మార్పు జూన్‌లో కనబడింది. పిల్లలు వేస్తున్న ముద్రలు మధ్యలో వెలిసిపోయి, అంచుల్లో మరకలై వస్తున్నాయి. ఎంత గట్టిగా నొక్కినా అంతే. మా మామయ్యగారు ఒక కార్యాలయంలో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా చేశారు. ఆ రోజు నన్ను దింపడానికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. కాసేపు చూసి లోపలికొచ్చి, పాత దినపత్రిక నాలుగు మడతలు పెట్టి కార్డు కింద వేశారు. స్టాంపును ప్యాడ్ మీద అదమకుండా రెండు మూడుసార్లు తేలిగ్గా తట్టి, కార్డు మీద నిలువుగా దించి, ఊపకుండా ఒక్క క్షణం ఆపి, నిలువుగానే పైకెత్తారు. తామరపువ్వు రేకు రేకూ విడిగా పడింది. బల్ల గట్టిగా ఉంటే స్టాంపు అన్ని వైపులా సమానంగా ఆనదనీ, కింద మెత్త ఉండాలనీ ఆయన చెప్పేదాకా మాకెవరికీ తట్టలేదు. ఆయన ఉద్యోగం చేసిన కాలంలో ఆ చేతి ఒడుపుని ఇంట్లో ఎవరమూ అడగలేదు. ఇప్పుడు ప్రతి సమావేశానికీ ఆయనే ముందు తయారవుతున్నారు.

తెలుగు అక్షరాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన శ్రమ ఎక్కువగా అక్కడే పోయింది. పువ్వులూ పక్షులూ ఉన్న స్టాంపులు కొంటే దొరుకుతాయి కానీ తెలుగులో శుభాకాంక్షలు చెప్పే మంచి స్టాంపు మనకు దొరకలేదు. జులైలో ఒక దుకాణంలో చేయించాం. వాళ్ల కంప్యూటర్‌లో ఒత్తు అతకలేదు. ‘శుభాకాంక్షలు’లో ‘క్ష’ రెండు ముక్కలైపోయి వచ్చింది. తిరిగిస్తే, ఇంగ్లీషులో అయితే చేసిస్తామన్నారు. ఆ మాటకు నాకు నిజంగా బాధ కలిగింది. మన పండగ మాటను మన ఊళ్లో మన లిపిలో చేయించుకోలేమా అని ఆ రోజే తీర్మానించి, మన అక్షరాలు మనమే చెక్కుకోవడం మొదలుపెట్టాం.

పద్ధతి కొత్తగా చేరినవారి కోసం మళ్లీ రాస్తున్నాను. అక్షరాన్ని మెత్తటి పెన్సిలుతో బటర్ పేపర్ మీద తిన్నగా రాయండి. ఆ కాగితాన్ని బోర్లించి పెద్ద ఎరేజర్ మీద పెట్టి చెంచా వెనక వైపుతో రుద్దండి. అక్షరం తిరగబడి అంటుకుంటుంది. అలా తిరగబడిన దాన్ని చెక్కితేనే ముద్ర తిన్నగా పడుతుంది. కట్టర్‌ను గీత నుంచి బయటికి వాలుగా దింపాలి. లోపలికి వాలితే గీత అడుగున బోలై, నాలుగు ముద్రలు పడేసరికి ఊడొస్తుంది. తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలు కదా, మలుపు దగ్గర బ్లేడు తిప్పాలనిపిస్తుంది. తిప్పకండి. బ్లేడు పట్టుకున్న చెయ్యి కదలకుండా ఉంచి, రెండో చేత్తో ఎరేజర్‌ను తిప్పండి. ఇది కనిపెట్టింది తొమ్మిదో తరగతి అబ్బాయి. వాళ్ల నాయనమ్మ కూరగాయలు తరిగేటప్పుడు కత్తిపీట కదలకుండా వంకాయను తిప్పడం చూసి పట్టుకున్నాడట. పదేళ్ల లోపు పిల్లలకు మాత్రం బ్లేడు ఇవ్వం. వాళ్లకు అడ్డంగా కోసిన బెండకాయ, సగానికి కోసిన ఉల్లిపాయ, బంగాళాదుంప ఉన్నాయి. బెండకాయ ముద్ర అందానికి ఏ కొన్న స్టాంపూ సాటి రాదని ఒప్పుకోవాలి.

ఆగస్టులో అందరం కలిసి పెడన వెళ్లొచ్చాం. బందరుకు దగ్గర్లోనే ఉన్న ఆ ఊళ్లో టేకు అచ్చులతో బట్ట మీద అద్దకం ఎలా వేస్తారో పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. ఒకే పువ్వుకు గీతల అచ్చు వేరు, నింపే రంగుల అచ్చులు వేరు. అన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి పడాలి. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టి నలుపు తయారుచేస్తారు. దాన్ని కసిమి అంటారు. కరక్కాయలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద పడగానే అది నల్లబారుతుంది. ఇంటికొచ్చాక మన సభ్యురాలొకరు కరక్కాయ కషాయం కాచి డ్రాయింగ్ షీటుకు పూసి, దాని మీద అదే నలుపుతో అచ్చు వేసి చూశారు. కాగితం మీదా అంతే నల్లగా వచ్చింది. ఆ కార్డు నోటీసు బోర్డులో ఉంది, చూడనివారు చూడండి. అక్కడ కొన్న ఆరు చిన్న అచ్చులు సంఘం ఆస్తిగా నమోదయ్యాయి.

సెప్టెంబరు గురించి రాయడం కష్టంగా ఉంది. ఒకటో తారీఖున బుడమేరు వాగు నీళ్లు మన ఊళ్లోని సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మన కుటుంబాల్లో ఐదిళ్ల కింది అంతస్తులు మునిగాయి. సంఘం ట్రంకు పెట్టె ఉన్నది ఆ ఐదిళ్లలో ఒకదానిలోనే. ప్రాణాలతో అందరూ బయటపడ్డారు, అదే పదివేలు. నీళ్లు తీశాక పెట్టె తెరిస్తే కాగితం అంతా బురద ముద్ద. ఇంకు ప్యాడ్లు పోయాయి. రబ్బరు స్టాంపులూ పిల్లలు చెక్కిన ఎరేజర్లూ మాత్రం కడిగితే మామూలైపోయాయి. పెడన అచ్చుల విషయంలో తొందరపడ్డాం. ఎండలో పెట్టిన రెండూ నిలువునా పగిలాయి. నీడలో నెమ్మదిగా ఆరనిచ్చి నూనె పట్టించిన నాలుగూ నిలిచాయి.

ట్రంకు పెట్టె ఉన్న ఇంటి పెద్దావిడ ముప్ఫై ఏళ్లుగా దాచుకున్న సంక్రాంతి, కొత్త సంవత్సరం కార్డుల కట్ట కూడా తడిసింది. విడదీస్తే చిరిగిపోతాయని ఎవరూ ముట్టుకోకుండా, వాటంతట అవి విడివడే దాకా మధ్య మధ్య పొడి కాగితం మారుస్తూ మూడు కుటుంబాలవాళ్లు వంతులు వేసుకుని ఆరబెట్టారు. ఇంకు పెన్నుతో రాసినవి చెరిగిపోయాయి, బాల్ పెన్నువి మిగిలాయి. ఆవిడ భర్త రాసినవన్నీ ఇంకు పెన్నువే. అందుకే ఇకమీదట లోపలి మాట బాల్ పెన్నుతోనే రాయమని సభ్యులందరినీ కోరుతున్నాను.

అక్టోబరు సమావేశంలో మొదట చేసిన కార్డులు ఆ ఐదిళ్లకే. దీపావళికి పెద్దగా ఏమీ చేయలేదు.

సంక్రాంతికి మాత్రం సంఘం మళ్లీ నిలబడింది. అమ్మమ్మలూ నాయనమ్మలూ చుక్కల ముగ్గులు గీసిస్తే మనవలు చెక్కారు. ఇళ్లన్నీ కలిపి 212 కార్డులు పోస్టయ్యాయి. కొలతలు అందరికీ ఒకటే పెట్టాం. ఏ4 షీటును సగానికి కోసి, ఆ సగాన్ని మడిస్తే ఒక కార్డు. మడత దగ్గర ముందుగా స్కేలు పెట్టి రీఫిల్ అయిపోయిన బాల్ పెన్నుతో గీత లాగితే అట్ట పగలకుండా మడుస్తుంది. కవరుతో కలిపి 20 గ్రాములు దాటకపోతే 5 రూపాయల స్టాంపు చాలు. గుండీలూ అద్దాలూ అతికించిన కొన్ని కార్డులు బరువు దాటి, బేరింగ్ పడి, అందుకున్నవాళ్లే డబ్బు కట్టుకోవాల్సొచ్చింది. పంపే ముందు వంటింటి కాటా మీదైనా ఒకసారి తూచండి. ఉబ్బెత్తు ముద్రలకు త్వరగా ఆరే ఇంకు పనికిరాదు. నెమ్మదిగా ఆరే పిగ్మెంట్ ఇంకు తడి మీద ఎంబాసింగ్ పొడి చల్లి, ఎక్కువైంది దులిపేసి, వేడి చూపించాలి. వేడిగాలి యంత్రం లేనివారు కాలిన ఇస్త్రీ పెట్టెకు కొంచెం ఎత్తులో కార్డు పట్టుకున్నా పొడి కరిగి మెరుస్తుంది. పెద్దలు దగ్గరుండి చేయించాలి.

టెక్సస్‌లో ఉన్న తన మనవడికి మన సభ్యురాలొకరు ముగ్గు కార్డుతోపాటు ఒక ఎరేజర్ కూడా పెట్టి పంపారు. ఫిబ్రవరి చివర్లో జవాబొచ్చింది. ఏడేళ్ల పిల్లాడు వాళ్ల నాన్న సాయంతో ‘అమ్మమ్మ’ అని చెక్కాడు. తిప్పి చెక్కాలని ఎవరూ చెప్పలేదు కాబట్టి అక్షరాలన్నీ తిరగబడి పడ్డాయి. ఆవిడ ఆ కార్డును బీరువా అద్దానికి ఎదురుగా గోడకు అంటించుకున్నారు. పొద్దున తల దువ్వుకుంటూ అద్దంలో చూస్తే తిన్నగా ‘అమ్మమ్మ’ అని కనిపిస్తుంది. ఆవిడ సమావేశంలో ఈ మాట చెప్పినప్పుడు నేను మినిట్స్ రాయడం ఆపేశాను.

జమాఖర్చుల పట్టిక కోశాధికారిగారు విడిగా ఇస్తున్నారు. ఇంటికి 300 రూపాయల చందా ఈ ఏడాదీ పెంచడం లేదు. వరద తర్వాత కాగితం, ప్యాడ్లు కొనడానికి చేతనైనంత ఇచ్చిన కుటుంబాలు తమ పేర్లు రాయొద్దన్నాయి. రాయడం లేదు, కానీ మరచిపోం.

విశ్వావసు నామ సంవత్సరంలో రెండు పనులు అనుకున్నాం. వర్ణమాల మొత్తం, ఒత్తులతో సహా, ఇంటికి కొన్ని అక్షరాల చొప్పున చెక్కి సంఘానికి ఒక పూర్తి పెట్టె తయారుచేయాలి. అలాగే ట్రంకు పెట్టెను పై అంతస్తులో ఉన్నవారి ఇంటికి మార్చాలి. చోటివ్వగలవారు ఏప్రిల్ రెండో ఆదివారంలోగా చెప్పండి.

మిగిలిన నాలుగు పెడన అచ్చుల్లో నెమలిది సంక్రాంతి నుంచి పెట్టెలోకి తిరిగి రాలేదు. ఎవరింట్లో ఉన్నా ఈ ఆదివారం తీసుకురండి. ఆరో తరగతి పాప వాళ్ల అక్క పెళ్లి శుభలేఖ కవర్ల మీద వేయడానికి దాని కోసం ఎదురుచూస్తోంది.

కార్యదర్శి